పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ చేతపట్టుకుని. డాలస్‌లో దిగిన నీ నాయిక ఆరు పేజీల్లో మూడుసార్లు ‘నేనెవర్ని?’ అని తనను తాను అడుక్కుంటుంది. ఆ మూడు చోట్లా గీత పెట్టాను. పరాయి దేశంలో ఆ ప్రశ్న వేసేవాళ్లు బయటే బోలెడుమంది ఉంటారు తల్లీ. ఎవరు అడిగారు, ఏ కౌంటర్ దగ్గర అడిగారు, భయంతో ఆమె ఏం చెప్పింది? నాకు అది కావాలి.

ఈ సంగతి నాకు జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో తెలిసొచ్చింది. దుబాయ్ వెళ్లొచ్చిన ఒకాయనకు గల్ఫ్ వలస మీద నేను రాసిన కథ చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. అయిపోయాక ఒక్కటే అడిగాడు: “మరి గాయిన పాస్‌పోర్టు ఎవలి దగ్గరున్నది సార్?” కథలో ఎడారి ఉంది, వెన్నెల ఉంది, అమ్మ చేతి వంట ఉంది. పాస్‌పోర్టు మాత్రం లేదు. కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, దాన్ని తన దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నదాని మీదే ఆ మనిషి బతుకంతా ఆధారపడి ఉంటుంది. ఆ కథ అచ్చుకు ఇవ్వలేదు.

ఆఫ్రికా నుంచి వలస వెళ్లినవాళ్ల నవలల్లో ఏవి చదవాలని అడిగావు. ముందు చిమమాండ ఎంగోజి అడిచీ ‘అమెరికానా’ (2013) చదువు. అందరూ అందులోని ప్రేమకథ గురించి చెబుతారు. నువ్వు జడలల్లే సెలూన్ దగ్గర ఆగు. నైజీరియా అమ్మాయి ఇఫెమెలు ప్రిన్స్‌టన్‌లో ఉంటుంది. తన జుట్టు అల్లేవాళ్లు అక్కడ లేరు కాబట్టి రైలెక్కి ట్రెంటన్ వెళుతుంది. జడలు అల్లే అయిషాది సెనెగల్. గంటల తరబడి ఒకరి తల మరొకరి చేతుల్లో ఉంటుంది. ఇద్దరూ ఆఫ్రికా వాళ్లే, ఇద్దరూ నల్లవాళ్లే. అయినా ఒకామెకు పేపర్స్ ఉన్నాయి, ఇంకొకామెకు లేవు. తండ్రి చనిపోతే వెళ్లలేకపోయానని, వెళితే మళ్లీ రానివ్వరని అయిషా చివర్లో బయటపడుతుంది. రేపు అమ్మ పోయినప్పుడైనా వెళ్లాలంటే, పేపర్స్ ఉన్నవాడు తనను పెళ్లి చేసుకోవాలి. అప్పటిదాకా ఆమె మాటలకు విసుక్కున్న ఇఫెమెలుతో పాటు మనమూ తలదించుకుంటాం. ‘అస్తిత్వం’ అనే మాట అక్కడ ఎక్కడా రాదు. దువ్వెన ఉంది, కుర్చీ ఉంది, తండ్రి చావు ఉంది.

అబ్దుల్‌రజాక్ గుర్నా ‘బై ద సీ’ (2001) గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలనుంది. గుర్నా తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో పుట్టాడు. 1964 విప్లవం తర్వాత అక్కడి పరిస్థితులు చూసి, కుర్రవాడిగా ఇంగ్లండ్ చేరాడు. 2021లో నోబెల్ వచ్చింది. నవలలో అరవై దాటిన సాలే ఒమర్ గాట్విక్ విమానాశ్రయంలో దిగుతాడు. ఇంగ్లీషు వచ్చి కూడా రానట్టు నటిస్తాడు, అలా చెప్పమని ఎవరో సలహా ఇచ్చారు. అతని సంచిలో చిన్న పెట్టె, పెట్టెలో ఊదు. ఆ పరిమళమే అతని పాత వ్యాపారం, పాత ఇల్లు, పాత ఊరు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ దాన్ని వాసన చూస్తాడు, తర్వాత తనే ఉంచేసుకుంటాడు. ఆ ఆఫీసర్ తల్లిదండ్రులు కూడా ఒకప్పుడు రొమేనియా నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లే! కానీ వాళ్లు యూరప్‌వాళ్లు కాబట్టి ఆ సంగతి వేరంటాడు.

ఇక పేరు చూడు. అతని పాస్‌పోర్టు మీద ఉన్నది అతని పేరు కాదు. ఊళ్లో ఎవరి ఇల్లు ఇతని చేతికి వచ్చిందో, ఆ మనిషి పేరు. ఆ మనిషి కొడుకు ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు. ఈ ముసలాయనకు దుబాసీగా పిలుద్దామని అతన్నే వెతికి పట్టుకుంటారు. నాన్న పేరు పెట్టుకున్న శత్రువు ఎదురుగా కొడుకు కూర్చోవడం! వలస అంటే పాత గొడవలు వదిలిపోవడం అనుకుంటాం. ఆ గొడవే ముందుగా వచ్చి అక్కడ కూర్చుని ఉంటుంది. నీ కథలో విజయవాడ ఇల్లు, ఆ వాటాల తగాదా విమానం ఎక్కకముందే ఎందుకు ఆగిపోయాయో ఆలోచించు.

బుచీ ఎమెచెటా ‘సెకండ్ క్లాస్ సిటిజన్’ (1974) సన్న పుస్తకం, రెండు రోజుల్లో అయిపోతుంది. లండన్‌లో అద్దె గది కోసం నైజీరియా అమ్మాయి అడా, తను నల్లమనిషినని తెలియకుండా ఫోన్‌లో గొంతు మార్చి మాట్లాడే చోటు వదలకు.

ఒక జాగ్రత్త. వీటన్నిటినీ కలిపి ‘ఆఫ్రికా నవల’ అని ఒక్క మూటగా కట్టకు. నైజీరియాలోని లాగోస్ వేరు, జాంజిబార్ వేరు, జింబాబ్వేలోని హరారే వేరు. తెలుగువాణ్ణి ‘మదరాసీ’ అంటే మనకు ఎంత మంటగా ఉంటుందో తెలుసు కదా.

చివరిగా నోవయొలెట్ బులవాయో ‘వి నీడ్ న్యూ నేమ్స్’ (2013). జింబాబ్వే బస్తీలో జామకాయలు దొంగిలిస్తూ పెరిగిన డార్లింగ్ అమెరికా చేరుతుంది. ఏళ్ల తర్వాత జింబాబ్వేలోనే ఉండిపోయిన చిన్ననాటి నేస్తం చీపోతో మాట్లాడుతూ ‘మన దేశం’ అంటుంది. చీపో ఊరుకోదు. ఇల్లు తగలబడుతుంటే వదిలేసి వెళ్లినదానివి, ఇంకా నీదే అంటావా అని దులిపేస్తుంది. ఆ కొత్త యాసతోనా చెప్పేది అని కూడా అంటుంది. వెళ్లినవాళ్ల బాధ రాసే పుస్తకంలో, ఉండిపోయినదానికి అంత నోరు ఇవ్వడానికి ధైర్యం కావాలి.

నీ కథలో విజయవాడలో ఉండిపోయిన అక్క ఒకామె ఉంది. రెండో పేజీలో అమ్మకు మాత్రలు ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు. ఆమె చేత డాలస్‌కు ఫోన్ చేయించు. ఏం మాట్లాడిందో రాసి, ఆ రెండు పేజీలు మాత్రం పంపించు.