డాక్టర్ సలహా: తిండి గురించి చెప్తే తల ఊపి వెళ్లిపోతున్నారు, ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె, అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. చోళ్లు (రాగులు) తినండి, ఆకుకూరలు తినండి, ఉప్పు నూనె తగ్గించండి అని ప్రతి మీటింగులో చెప్తున్నాను, చార్టులు కూడా అతికించాం. అందరూ సరే అంటారు, ఇంటికెళ్తే మళ్లీ మామూలే. ఎలా చెప్తే వింటారు డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, మీరు చెప్పేది కరెక్టే, కానీ ఉప్పు తగ్గించండి అంటే ఎంతని తగ్గిస్తారు చెప్పండి. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని డబ్ల్యూహెచ్ఓ అంటుంది, ఆ 5 గ్రాములు ఏ ఇంట్లోనూ తూచరు కదా. అందుకే మీరే అడగండి, మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది అని. నలుగురుంటే 50 రోజులు రావాలి, పచ్చళ్లలో ఎండుచేపల్లో ఉప్పు ఎలాగూ ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే రావాలి. నా దగ్గరికొచ్చే బీపీ పేషెంట్లని ఇలాగే అడుగుతాను, మూడు వారాలకే అయిపోతుందండీ అని వాళ్లే అనేసి వాళ్లే ఉలిక్కిపడతారు. నూనె డబ్బా లెక్క కూడా ఇలాగే అడగొచ్చు.

ఇంకోటి, మీటింగుకి కోడలొస్తుంది, పోపులో నూనె ఎంతో అత్తగారు చెప్తుంది, సంతకి మగవాళ్లెళ్తారు. ఆ ముగ్గురికీ చెప్పాలి, ఒక్క కోడలికి చెప్పి లాభం లేదు.

చోళ్ల సంగతి వేరు. 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, వరికన్నా చాలా తక్కువ నీటితో మీ కొండల్లోనే పండుతుంది, 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో రైతులతో పండిస్తోంది కూడా. అయినా తినరు, ఎందుకంటే అంబలి అంటే లేనివాళ్ల తిండి అని నామోషీ. దానికి కాల్షియం లెక్కలు చెప్తే పోదమ్మా. ఊళ్లో చెయ్యి తిరిగిన ఓ పెద్దావిడ్ని పిలిచి, చోడిపిండిలో మునగాకు, ఉల్లిపాయ వేసి సెంటర్లోనే రొట్టెలు కాల్పించండి, వేడివేడిగా పిల్లలకీ తల్లులకీ పెట్టండి, ఎలా చెయ్యాలో ఆవిడే చెప్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఒక మాట చెప్పండి, చోళ్లైనా షుగర్ పెరుగుతుంది, అన్నం మానకుండా దానిపైన చెంబుడు అంబలి తాగితే లాభం లేదు.

చిప్స్ ప్యాకెట్లు కొనొద్దు అని ఊరుకోకండి, బదులుగా ఏం పెట్టాలో చెప్పండి. అరటిపండు, వేయించిన శనగలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు చాలు. ఐదేళ్లలోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి, మెత్తగా పొడికొట్టి పెట్టమనండి.