మూడున్నర వేలు కడితే నాలుగు రోజుల్లో రీసెర్చ్ పేపర్ వేస్తామంటున్నారు, ఆ జర్నల్‌ని నమ్మొచ్చా?

ముందు డబ్బు కట్టకుండా ఆగండి. మెయిల్‌లో ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబరు ఉంది, 7.2 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను వేరేవాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) అని రాశారు, నమ్మొచ్చా అని అడిగారు. పదేళ్ల కిందట అచ్చం ఇలాంటి మెయిలే నాకూ వచ్చింది. నేను కట్టేశాను.

శ్రీకాకుళంలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఉద్దానం కిడ్నీ జబ్బుల నేపథ్యంలో కవిటి, సోంపేట వైపు ఊళ్లు తిరిగి బోరు నీళ్లు పట్టి తెచ్చేవాణ్ణి. ఒక ఇంట్లో డయాలసిస్ చేయించుకొచ్చి మంచం మీద ఉన్న పెద్దాయన కోడల్ని పిలిచి, "సారుకి సీసా నింపి ఇయ్యమ్మా, మన నీళ్ల సంగతేదో తేలుస్తారు" అన్నారు. రెండు వేసవుల పని అది. పీహెచ్‌డీ సబ్మిషన్ టెన్షన్‌లో ఆ జర్నల్‌కి పంపాను. రెండో రోజుకే యాక్సెప్టెన్స్ లెటర్! అచ్చయ్యాక చూస్తే టేబుల్లో పీహెచ్ 6.8 ఉండాల్సిన చోట 68 అని ఉంది. టైపింగ్ తప్పు నాదే. కానీ పీహెచ్ స్కేలు 14తో ఆగిపోతుందని ఇంటర్ పిల్లలకూ తెలుసు. అంటే అక్కడ నా పేపర్ ఎవరూ చదవనే లేదు.

తీసేయమంటే విత్‌డ్రాయల్ ఫీజు అడిగారు. ఒకసారి అచ్చయిన డేటాని మంచి జర్నళ్లు మళ్లీ తీసుకోవు. డబ్బు పోయిన బాధ ఎప్పుడో తగ్గింది. ఆ పెద్దాయన మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇక మీ జర్నల్ సంగతి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఎనిమిది అంకెల గుర్తింపు నంబరు మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే సంస్థ ఒక్కటే. వేరే పేర్లతో కనిపించే అంకెల్ని పట్టించుకోకండి. మీ జర్నల్ సైట్‌లో స్కోపస్ (జర్నళ్ల డేటాబేస్) లోగో ఉన్నా నమ్మొద్దు. స్కోపస్ సోర్సెస్ పేజీ ఉచితమే, అక్కడ మీరే ఐఎస్‌ఎస్‌ఎన్ కొట్టి, ఏ సంవత్సరం దాకా చేర్చారో చూడండి, మధ్యలో తీసేసినవీ ఉంటాయి. మంచి జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లు కూడా నడుపుతున్నారు, కాబట్టి మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకండి. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల జర్నల్) అయితే, అలాంటి జర్నళ్ల జాబితా డీఓఏజేలో కూడా వెతకండి. ఫీజు అడిగినంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు, మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా తీసుకుంటాయి. నాలుగు రోజుల్లో రివ్యూ (నిపుణుల పరిశీలన) అనడమే అసలు అనుమానం.

"యూజీసీ కేర్ అప్రూవ్డ్" అని రాసినా లెక్కలోకి తీసుకోకండి, కేర్ అనే ఆ జర్నళ్ల జాబితాని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. పైగా 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ రూల్ వేరుగా ఉండొచ్చు, ఆఫీసులో కనుక్కోండి. అంత తొందర అవసరమే లేకపోవచ్చు.

అన్నిటికంటే నాకు నమ్మకమైన పద్ధతి, తాజా సంచికలో మీ సబ్జెక్టు పేపర్లు రెండు తీసి టేబుళ్లు కూర్చుని చదవడం. నా 68 లాంటివి అక్కడే దొరుకుతాయి.

జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ ఇక్కడ పెట్టండి. రాత్రికి నేనూ వెతికి చెబుతాను.