డిగ్రీ చదువుతూ స్నేహితులతో కలిసి శని, ఆదివారాల్లో కచేరీలు చేయడం కుదురుతుందా? ప్రాక్టీసుకు టైం సరిపోతుందా, డబ్బులేమైనా మిగులుతాయా?

కుదురుతుంది. నేను నెల్లూరులో డిగ్రీ చదువుతూ మృదంగం నేర్చుకుంటున్నాను. మా జట్టులో పాడే అమ్మాయి, వయొలిన్ వాయించే కుర్రాడు, నేను. వీళ్ళు కాక, ఫోన్లో తంబురా యాప్ పట్టుకుని వెనక కూర్చునే ఇంకో మిత్రుడు. ప్రాక్టీసు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, సాయంత్రాలు ఎలాగో సర్దుకోవచ్చు. శని, ఆదివారాలను మింగేసేవి వేరే ఉన్నాయి. మొన్నటి మాఘమాసంలో మాకు గడిచిన రెండు రోజులు చెబితే మీకే తెలుస్తుంది.

శనివారం కందుకూరు దగ్గర ఒక పల్లెలో గుడి కార్యక్రమం. మాలకొండ నరసింహస్వామి గుడి తలుపులు శనివారం ఒక్కరోజే తీస్తారు కాబట్టి, ఆ రోజు అటు వెళ్ళే బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. మృదంగాన్ని డిక్కీలో పడేయలేం, వేడికీ కుదుపులకీ శ్రుతి పోతుంది. దారంతా ఒళ్ళోనే. కండక్టర్ "దీనికీ టికెట్ కొట్టమంటావా అబ్బయా" అని ఒకటే నవ్వు.

గుడి దగ్గర మాకు గంట అన్నారు. ముందున్న భజన సాగి సాగి మాకు మిగిలింది అందులో సగం. పైగా ఊరంతటికీ ఒకటే మైకు సెట్టు. మా అమ్మాయి ఆలాపన అందుకోగానే, "నల్ల బండి ఎవరిదో దారికి అడ్డంగా ఉంది, తియ్యండి" అని అనౌన్స్‌మెంట్. ఆ బండి ఓనరు ఎంతకీ రాలేదు. మళ్ళీ అదే మాట వినబడేసరికి ఆమె పాట ఆపి చేత్తో తాళం వేస్తూ కూర్చుంది, అయ్యాక వదిలిన చోటే అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు మాకు గట్టిగా పడ్డ చప్పట్లు అవే!

గుళ్ళో పాడేటప్పుడు పెద్ద కీర్తన ఒక్కటే పెట్టుకుని వెళ్ళకండి. ఎక్కడ ఆపినా బాగుండే చిన్నవి చేతిలో ఉండాలి.

అసలు టెన్షన్ ఆదివారానిది. ఒంగోలు వైపు ఒక పెళ్ళిలో సాయంత్రం కచేరీ. పొద్దున లేచేసరికి మా అమ్మాయికి గొంతు పూర్తిగా పోయింది, మాట కూడా రావట్లేదు. పాడాల్సింది ఇక తంబురా యాప్ వాడే. బాగానే పాడతాడు, కానీ వాడిది ఒకటి శ్రుతి, ఆమెది అయిదున్నర. అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుందన్నమాట. నేను తెచ్చుకున్నది ఆమె కోసం హెచ్చు శ్రుతి మృదంగం. దాన్ని ఒకటికి దించితే తోలు మూత వదులైపోయి నాదమే పలకదు. తగ్గు శ్రుతి మృదంగం వేరే ఉంటుంది, అది నెల్లూరులో ఇంట్లో ఉంది.

అప్పుడు వయొలిన్ వాడు ఒక మాటన్నాడు: "షడ్జానికి కాకుండా పంచమానికి కలుపు." షడ్జమంటే 'స', పంచమమంటే 'ప'. ఒకటి శ్రుతికి పంచమం అయిదు. అయిదున్నర నుంచి అయిదుకి దించాల్సింది అరమెట్టే. మృదంగాన్ని నిలబెట్టి, కుడి మూత చుట్టూ జడలా అల్లి ఉండే తోలు అంచును పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి కొడితే తగ్గుతుంది. రాయి, కర్రముక్క పట్టుకుని చుట్టూ సమంగా కొట్టుకుంటూ వచ్చాను. మా గురువుగారు వింటే మొహం చిట్లించేవారేమో గానీ, పాటకు అడ్డం రాలేదు. పాపం, వయొలిన్ వాడికే ఎక్కువ కష్టం. అంత శ్రుతి మార్చాక తీగలు కుదురుగా నిలవవు. తీగలు బిగించే బిరడాలకు సుద్దపొడి రాసుకుని, పాట పాటకీ సరిచూసుకుంటూ వాయించాడు.

ఎడమ మూతకు రవ్వ ముద్ద పెడితేనే గుమ్మని పలుకుతుంది. తెచ్చుకున్న రవ్వ పొట్లం బస్సులోనే ఎక్కడో జారిపోయింది. వంటల దగ్గరికి వెళ్ళి గుప్పెడు బొంబాయి రవ్వ అడిగితే, వంటాయన "గుప్పెడు రవ్వతో ఎంతమందికి ఉప్మా చేస్తారయ్యా" అన్నాడు. సంగతి చెప్పాక, ముద్ద ఎలా పెడతానో చూడ్డానికి తనే వెంట వచ్చాడు.

ఆ పెళ్ళిలో నాదస్వరం మేళం కూడా ఉంది. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టిన కరవది ఒంగోలు పక్కనే. ఆయన తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డా ఇటువైపు మేళంవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. నాదస్వరం మోగుతుంటే పక్కన మన శ్రుతి మనకే వినబడదు. డోలు వాయించే పెద్దాయన మా అవస్థ చూసి, "కానీండి బాబూ, మేం టీ తాగొస్తాం" అని మేళం ఆపించారు. ఆ టీ టైంలోనే శ్రుతి కలుపుకున్నాం.

నెల్లూరు పిల్లలమని తెలియగానే బాలు గారి పాటలు పాడమని చీటీలు మొదలయ్యాయి. 2020లో వేద పాఠశాల కోసం ఆయన ఇచ్చేసిన ఇల్లు మా ఊళ్ళో తిప్పరాజువారి వీధిలో ఉంది. సినిమా పాట పాడితే సంగీతం మైలపడిపోతుందని నేననుకోను. మావాడు రెండు పాడాడు, మేమిద్దరం వెంట నడిచాం.

ఇక డబ్బుల సంగతి. గుడివాళ్ళు శాలువా, ప్రసాదం ఇచ్చారు. పెళ్ళివాళ్ళ డబ్బులో బస్సు, ఆటో, రైలు ఖర్చులు పోగా తలా అయిదొందలు మిగిలాయి, అది కూడా ముందే మాట్లాడుకున్నాం కాబట్టి. మాట్లాడుకునేటప్పుడే దారి ఖర్చులు విడిగా అడగండి, కొంత అడ్వాన్సు తీసుకోండి. సోమవారం పొద్దున్నే ఇంటర్నల్ పరీక్ష ఉంటే మాత్రం ఆదివారం రాత్రి కచేరీ ఒప్పుకోకండి. రైలు ఎప్పుడు నెల్లూరు చేరుస్తుందో చెప్పలేం.