రైలు లేని ఊళ్లో రైలు కూత

చిన్న ఊళ్లో పెరిగిన పిల్లవాడి గురించి నవల రాయాలనుంది, కానీ మా ఊళ్లో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. సరిగ్గా అక్కడే నేను రెండేళ్లు ఇరుక్కుపోయాను. శ్రీకాకుళంలో పుట్టి పెరిగి, ఉద్యోగం చివరి రోజుల్లో నవల రాయడానికి కూర్చున్నవాణ్ని. మొదటిసారి రాసిన నూట నలభై పేజీలు ఇప్పటికీ బీరువా అడుగున ఉన్నాయి. అవి ఎందుకు చెడ్డాయో చెబితే మీకు పనికిరావచ్చు.

మొదటి అధ్యాయం అరసవల్లిలో మొదలుపెట్టాను. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి కదా. ఆ జనంలో తండ్రి భుజాల మీద కూర్చుని చూస్తున్న పిల్లవాడు. తరువాత నాగావళి ఇసుక, వంతెన మీద సైకిలు, మామ్మ అడ్డచుట్ట. (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ముసలమ్మలకు అది మామూలు విషయం, రాసేవాళ్లకు మాత్రం పండగ.) అధ్యాయం చివర పిల్లవాడికి నిద్ర పట్టదు. దూరంగా రైలు కూత. ఎప్పటికైనా ఆ రైలెక్కి వెళ్లిపోవాలనుకుంటాడు.

బడిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారికి చదవమని ఇచ్చాను. వారం తరువాత పిలిపించి, కాఫీ ఇప్పించి, ఒకే ప్రశ్న వేశారు. "మన ఊళ్లో రైలు ఎక్కడుందిరా?"

నిజమే, లేదు. స్టేషను ఆమదాలవలసలో ఉంది, దాని పేరు శ్రీకాకుళం రోడ్. మా ఇంటి నుంచి పది కిలోమీటర్ల పైమాటే, బస్సెక్కి వెళ్లాలి. ఆ కూత నేను పుస్తకాల్లో విన్నది. చిన్న ఊరి నవల అనుకోగానే చెయ్యి దానంతటదే రాసేసింది. అనుమానం వచ్చి మిగతా పేజీలు తిరగేస్తే సగం అలాంటి సరుకే. అరసవల్లి కిరణాలు కూడా నేను చూడలేదు. రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ ముందున్నవాళ్ల వీపులే కనిపించాయి. అసలు రాయవలసింది ఆ వీపుల గురించి.

మాస్టారు ఇంకొకటి కూడా అన్నారు. "ఊరంతా పెట్టావు. నువ్వు సిగ్గుపడ్డ రోజు ఒక్కటీ పెట్టలేదేం?"

చాసోను మళ్లీ చదవమని కూడా చెప్పారు. పూర్తి పేరు చాగంటి సోమయాజులు, విజయనగరం మనిషి, 1915లో పుట్టి 1994లో పోయారు, రాసింది చిన్న కథలు. 'ఎందుకు పారేస్తాను నాన్నా'లో చదువు మానిపించిన తండ్రి కొడుకును చుట్టలు తెమ్మని పంపుతాడు. బడి మీదుగా వెళ్లాలంటే పిల్లవాడికి ప్రాణం పోయినంత సిగ్గు. కథకు కావలసింది అంతే. ఊరి వర్ణన లేదు, ఊరు మాత్రం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో మా ఊళ్లో నెలకొల్పిన కథానిలయంలో కూర్చుని పాత పత్రికల కథలు చాలానే తిరగేశాను. నవల రాయబోయేవాడికి కథల గ్రంథాలయంలో ఏం పని అని నవ్వారు కొందరు. నాకు మాత్రం అక్కడే తెలిసింది, ఒక్క పని, ఒక్క దారి, ఒక్క సిగ్గు చాలునని.

నా సిగ్గు ఏమిటో నాకు తెలుసు. అది రాయడం ఇష్టం లేక రైలు కూత రాశాను.

మా నాన్న టైపిస్టు. కలెక్టరు కచేరీకి అర్జీలు, కోర్టుకు కాగితాలు చెట్టు కింద బల్ల మీద కొట్టిచ్చేవారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడి, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు మా జిల్లా నుంచి అటు పోయాయి. పాఠ్యపుస్తకంలో అది ఒక వాక్యం. మా ఇంట్లో మాత్రం ఆదివారం చేపలు మానేయడం. అటు నుంచి అర్జీలతో వచ్చే జనం ఇక రాలేదు మరి. మీ ఊళ్లో ఏమీ జరగలేదని అంటున్నారు గానీ, మీ ఇంట్లో ఎప్పుడు ఏ ఖర్చు తగ్గిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లడం నా పని. నాన్న తింటున్నంతసేపూ నేను కార్బన్ కాగితాలతో (రెండో ప్రతి పడడానికి కాగితాల మధ్య పెట్టేవి) ఆడేవాణ్ని. వాడిన కార్బన్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే, అక్షరం పడినచోట రంగు రాలిపోయి సన్నగా వెలుగు కనిపిస్తుంది. నాలుగైదుసార్లు వాడినదైతే అక్షరాల మీద అక్షరాలు పడి ఏమీ అర్థం కాదు. ఒక్కసారే వాడినదైతే ఉత్తరం చదివినట్టు చదవవచ్చు. పదమూడేళ్ల వయసులో అలా ఒకటి చదివాను. మా స్నేహితుడి పెదనాన్న పెట్టుకున్న కాగితం. ఇంట్లో తమ్ముడికి హక్కు లేదని, ఖాళీ చేయించాలని. స్నేహితుణ్ని నవలలో సూరి అన్నాను, ఇక్కడా అదే పేరు ఉండనివ్వండి.

సాయంత్రం నాగావళి ఇసుకలో సూరికి చెప్పేశాను. స్నేహం కొద్దీ చెప్పానని నలభై ఏళ్లు అనుకున్నాను. రాస్తున్నప్పుడు తెలిసింది, వాడికి తెలియనిది నాకు తెలుసన్న గొప్ప కోసం చెప్పానని.

మర్నాడు సూరి పెదనాన్న చెట్టు కిందికి వచ్చి నలుగురిలో అరిచాడు. "నీ దగ్గర కాగితం కొట్టిస్తే ఊళ్లో దండోరా వేయించినట్టేనయ్యా!" నాన్న లేచి నిలబడ్డారు, ఏమీ అనలేదు. నేను క్యారేజీ పట్టుకుని పక్కనే ఉన్నాను. నన్ను కొట్టలేదు, అడగను కూడా అడగలేదు. ఆ రోజు నుంచి కొత్త కార్బన్ వాడిన ప్రతిసారీ, దాన్ని చిత్తు కాగితం మీద మళ్లీ మిషన్‌కెక్కించి, వరస వరసంతా 'అఅఅఅ' అని కొట్టేవారు, రాసింది కనపడకుండా. నేను అన్నం తెచ్చినా ఆ పని పూర్తయ్యాకే క్యారేజీ విప్పేవారు. ఆ టకటక శబ్దం నా నవలకు మొదటి వాక్యం అయింది. అరసవల్లి ఎగిరిపోయింది.

ఇక రాసే పద్ధతి గురించి రెండు మాటలు. కథ చెప్పేవాడికి యాభై ఏళ్లు, కథలో ఉన్నవాడికి పదమూడు. పెద్దవాడి తెలివి పిల్లవాడి నోట పెట్టకండి. హక్కు అంటే ఏమిటో నాకు అప్పుడు సరిగ్గా తెలియదు. ఇల్లు పోతుందని మాత్రం అర్థమైంది. నవలలోనూ అంతే ఉంచాను. యాస సంభాషణల్లోనే పెట్టాను, అదీ 'గుంటడు' (కుర్రాడు) లాంటి మాట దొర్లినంత మేరకే. ప్రతి వాక్యంలోనూ కూరితే ఊరివాళ్లు వేషం కట్టినట్టు ఉంటుంది. ఊళ్లో ప్రతివాళ్లూ తమను వెతుక్కుంటారు కాబట్టి ఇల్లూ వీధీ వృత్తులూ మార్చండి. సిగ్గును మాత్రం మార్చకండి.

ఆ అధ్యాయం అచ్చుకు ఇచ్చే ముందు నాన్నకు చూపించాను. ఎనభై నాలుగేళ్లు, భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివారు. ఆ సంగతి మా మధ్య అంతవరకు ఒక్కసారీ రాలేదు. మూడో రోజు పొద్దున్న కాగితాలు తిరిగి ఇస్తూ, "కార్బన్ నల్లగా ఉందని రాశావు. ఆ ఏడాది మనం వాడింది నీలం" అన్నారు.