కుళ్లిన శవం విసెరా నివేదికలో మద్యం కనిపిస్తే తాగినట్టేనా?

చిత్తూరులో లోపల గడియ పెట్టిన ఇంట్లో ఎనిమిది రోజుల తర్వాత దొరికిన మీ అన్నగారి విసెరా (శవపరీక్షలో తీసి ప్రయోగశాలకు పంపే లోపలి అవయవాల ముక్కలు) నివేదికలో మద్యం ఉందనీ, మూర్ఛకు ఆయన రోజూ వేసుకునే క్లోనజెపామ్ లేదనీ రాశారని, జన్మలో తాగని మనిషికి ఇదెలా అనీ అడిగారు. తిరుపతిలో చాలా ఏళ్లు శవపరీక్షలు చేసిన వైద్యుడిగా చెబుతున్నాను: ఆ రెండు మాటలను బట్టి ఆయన తాగారనీ, మాత్ర మానేశారనీ ఎవరూ తేల్చకూడదు.

శరీరం కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా, ఈస్టులు అందులోని చక్కెరను పులియబెట్టి ఇథనాల్, అంటే మద్యంలో ఉండే ఆల్కహాల్‌నే, పుట్టిస్తాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం కదా, కుళ్లిన శవంలో అంతకు కొన్ని రెట్లు దానంతటదే తయారుకావచ్చు. అందుచేత ఎంత ఉందో, కుళ్లినప్పుడు పుట్టే ఎన్-ప్రొపనాల్ కూడా కనిపించిందో లేదో అడగండి. విసెరా చెడకుండా ఉప్పునీటిలో ఉంచి పంపుతాం; ఆ సీసాలో ఉప్పు చాలకపోయినా పులియడం ఆగదు. ఒకసారి వేరే చోటి నుంచి వచ్చిన విసెరా సీసా మూత గ్యాసుకు ఉబ్బి ఉండడం చూశాను. అప్పటినుంచి అడుగున కరగని ఉప్పు పేరుకునేదాకా నా చేత్తోనే పోసేవాణ్ణి.

ఇక మాత్ర సంగతి. క్లోనజెపామ్‌ను కుళ్లుడు బ్యాక్టీరియా 7-అమినోక్లోనజెపామ్‌గా మార్చేస్తుంది కనుక, అసలు మందును మాత్రమే వెదికితే మాత్ర వేసుకున్న మనిషిలో కూడా లేదనే ఫలితం రావచ్చు. ఇది చాలామంది దర్యాప్తు అధికారులకు తెలియదు, నాకు బాధ కలిగించేది కూడా అదే.

ఒక ఏప్రిల్‌లో రేణిగుంట వైపు నుంచి వచ్చిన శవంలో కాలేయం గాలిబుడగలతో తేనెపట్టులా తయారైంది, తీయడానికి రక్తం చుక్క లేదు. అప్పుడు తొడ కండరం, వేళ్లతో పట్టుకుంటే ఊడివచ్చే వెంట్రుకలు, శవం మీది పురుగులు విడివిడి సీసాల్లో పంపాను. పురుగులెందుకని పక్కవారు అడిగారు. మీ అన్నగారి లాంటి మూర్ఛరోగులు వాడే ఫినోబార్బిటాల్‌ను శవాన్ని తిన్న పురుగుల్లో కనుగొన్నట్టు 1980లోనే అమెరికాలో ప్రచురించారు.

మిగిలిన నమూనాలను పారవేయకముందే, 7-అమినోక్లోనజెపామ్ కోసం మళ్లీ పరీక్షించమని దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఆయన వాడిన మందుల చీటీ, ఖాళీ స్ట్రిప్పులు దానికి జతచేయండి.