కాలు మడతపడ్డ పిల్ల దగ్గర మొదటి పది నిమిషాలు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

హైస్కూల్లో పీఈటీగా చేరావని, కబడ్డీ, ఖోఖో జట్లు రెండూ నీ చేతికే వచ్చాయని మీ అమ్మ చెప్పింది. ఇక దెబ్బలతో నీకు రోజూ పనే. ఎముక వంకరపోతే ఎవరూ చెప్పక్కర్లేదు, అందరూ పరుగెత్తుకొస్తారు. నిన్ను ఇబ్బంది పెట్టేవి బెణుకులు, కండ పట్టేయడాలు, కమిలిన దెబ్బలు. వీటి విషయంలో మనవాళ్లు చేసేదంతా తలకిందులు. ముట్టుకోకూడని మొదటి మూడు రోజులూ బామ్ పూసి గట్టిగా రుద్దుతారు. మెల్లగా కదిలించాల్సిన నాలుగో రోజు నుంచి మంచం దిగనివ్వరు. ఈ రెండూ సరిచేస్తే నీ పిల్లలు సగం రోజుల్లోనే గ్రౌండ్‌కి వస్తారన్నది నా గట్టి నమ్మకం.

ముందు ఏది ఏమిటో తెలియాలి. బెణుకు కీలు దగ్గర వస్తుంది. ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ సాగుతుంది, లేదా కొంత తెగుతుంది, లేదా పూర్తిగా తెగుతుంది. 'నరం లాగేసింది' అని పిల్లలు చెప్పేదాంట్లో చాలాసార్లు నరానికి పనే లేదు. కండలోని పోగులు తెగి ఉంటాయి. తొడ వెనకా పిక్కలోనూ ఇది ఎక్కువ. మూడోది కమిలిన దెబ్బ: ఎదుటివాళ్ల మోకాలో మోచెయ్యో తగిలి కండ లోపల రక్తం చేరుతుంది. మొదటి రోజు మూడింటికీ చేసేది దాదాపు ఒకటే. ఆ తర్వాత దారులు వేరు.

నువ్వు అన్నిటికంటే ఎక్కువ చూసేది చీలమండ బెణుకు. రైడర్ పట్టులోంచి తప్పించుకోబోతుంది, పాదం లోపలికి మడతపడుతుంది, బయటి చీలమండకు ముందు కాస్త కిందగా గుడ్డులా పొంగుతుంది. వాపు ఎంత ఉందని చూడకు. చిన్న బెణుక్కీ పెద్ద వాపు రావచ్చు, చిట్లిన ఎముక మీద వాపు తక్కువగానూ ఉండవచ్చు. నీ బొటనవేలితో నాలుగు చోట్ల నొక్కి చూడు. బయటి చీలమండ ఎముక కొన, అక్కడి నుంచి వెనక అంచు మీదుగా పైకి ఆరు సెంటీమీటర్ల మేర. లోపలి చీలమండ మీదా అలాగే. పాదం బయటి అంచు వెంట చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తుంటే మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక. చివరగా పాదం లోపలివైపు, చీలమండకు ముందు కాస్త కిందగా పొడుచుకొచ్చిన ఎముక. వీటిలో ఏ ఎముక మీదైనా నొక్కితే కెవ్వుమంటే, లేదా దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత చూసినప్పుడు కూడా, రెండుసార్లూ కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోతే, ఎక్స్‌రే తీయించాల్సిందే. ఇది నా సొంత లెక్క కాదు. కెనడాలోని ఒట్టావాలో డాక్టర్ ఇయాన్ స్టీల్ బృందం 1992లో తేల్చిన పద్ధతి, ప్రపంచమంతా వాడుతోంది. నొప్పి ఎముక మీద కాకుండా దాని ముందున్న మెత్తని చోట మాత్రమే ఉండి, పిల్ల నాలుగు అడుగులు వేయగలిగితే అది చాలావరకు బెణుకే.

ఒక్క జాగ్రత్త మాత్రం పెద్దవాళ్లకంటే పిల్లలకే వర్తిస్తుంది. పదీ పదిహేనేళ్ల మధ్య ఎముక చివర పెరిగే మెత్తని పొర ఉంటుంది. అది లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్లకి లిగమెంట్ సాగే దెబ్బకి పిల్లలకి ఆ పొర చిట్లుతుంది. ఒక్కోసారి మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. అందుకని ఫిల్మ్ బాగుందన్నా సరే, ఎముక మీద నొక్కితే నొప్పి అలాగే ఉందంటే, ఆ సంగతి ఎముకల డాక్టరుకి నోరు తెరిచి చెప్పు. ఎదిగే పొర దెబ్బతింటే కాలు వంకరగా పెరిగే ప్రమాదం ఉంది.

ఇక వైద్యం. విశ్రాంతి, ఐస్, బిగికట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో గేబ్ మర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ ప్రచారంలోకి తెచ్చాడు. 2014 వచ్చేసరికి ఐస్ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. వాపు చెడ్డదే అయినా, ఆ వాపుతోపాటే మరమ్మతు చేసే కణాలూ వస్తాయి. కాబట్టి ఐస్‌ని నొప్పి తగ్గించే వస్తువుగా మాత్రమే చూడు. మొదటి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు, మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం. సోడా బండి దగ్గర దొరికే ఐస్‌ని నలగ్గొట్టి ప్లాస్టిక్ కవర్లో వేసి, తడిగుడ్డ చుట్టి పెట్టు. ఐస్ ముక్క నేరుగా చర్మం మీద పెడితే వేడి నీళ్లు పడ్డట్టే బొబ్బలెక్కుతుంది. చల్లటి స్ప్రే ఆ రెండు నిమిషాలు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. అది కొట్టి పిల్లని మళ్లీ ఆటలోకి దింపితే సగం తెగిన లిగమెంట్ పూర్తిగా తెగుతుంది. ఆ పని ఎవరు చేయమన్నా చేయకు, హెడ్మాస్టరుగారు అడిగినా సరే.

నాలుగు మాటల్లో నాకు బిగికట్టు మీదే గురి ఎక్కువ. చీలమండకి పది సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ, మోకాలికీ తొడకీ పదిహేను. పాదాన్ని పిక్కకి లంబంగా నిలబెట్టి కట్టు మొదలుపెట్టాలి. వేలాడుతున్న పాదానికి కట్టకు. వేళ్ల మొదట్లో రెండు చుట్లు వేసి, పాదం మీద నుంచి మడమ వెనక్కి, మళ్లీ ముందుకి అడ్డంగా, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుకుంటూ పిక్క మొదలు దాకా రావాలి. ప్రతి చుట్టూ కింది చుట్టులో సగాన్ని కప్పాలి. కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. తిరగేసి కడితే, అంటే పైన బిగిసి కింద వదులైతే, పాదం బంతిలా ఉబ్బుతుంది. ఎప్పుడూ వేళ్ల గోళ్లు బయటికి కనపడనివ్వు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా మళ్లీ కట్టు. రాత్రి పడుకునేటప్పుడు తీసేయమని ఇంట్లోవాళ్లకి చెప్పు. కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద పెడితే సరిపోదు, పడుకుని రెండు దిండ్ల మీద పెట్టాలి.

రుద్దడం ఎందుకు వద్దంటానంటే, లోపల తెగిన సన్నటి రక్తనాళాలు అప్పుడప్పుడే మూసుకుంటుంటాయి. నలిపితే, కాపడం పెడితే అవి మళ్లీ తెరుచుకుని వాపు రెట్టింపవుతుంది. సున్నం, బెల్లం పట్టు వేస్తామంటారు. చర్మం గీరుకుపోయి ఉంటే సున్నం దాన్ని కాల్చేస్తుంది, ఆ పని చేయనివ్వకు. నాలుగో రోజు తర్వాత వావిలాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టుకుంటామంటే నిక్షేపంగా పెట్టుకోమను. వెచ్చదనానికి బిగుసుకున్న కీలు వదులవుతుంది. పెద్దవాళ్ల మాట పూర్తిగా కొట్టేయనక్కర్లేదు, రోజు మారిస్తే చాలు. వెదురు బద్దలు వేసి బిగించే నాటు కట్టు మాత్రం తాజా వాపు మీద ప్రమాదం. లోపల వాపు పెరుగుతుంది, బయట కట్టు సాగదు, మధ్యలో రక్తప్రసారం ఆగుతుంది. గంటల్లోనే కండ చచ్చిపోతుంది. దెబ్బకు మించిన నొప్పి, వేళ్లని మెల్లగా వంచినా ప్రాణం పోయేంత బాధ, రాయిలా గట్టిపడిన కండ, తిమ్మిరి కనిపిస్తే కట్టేదైనా కోసేసి 108కి ఫోన్ చెయ్. తెల్లారనివ్వకు. కట్టు లేకపోయినా పిక్కకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఇదే జరగవచ్చు.

మూడో రోజో నాలుగో రోజో, నొప్పి కాస్త తగ్గగానే కదలిక మొదలు. పిల్లని పడుకోబెట్టి బొటనవేలితో గాలిలో అక్షరమాల రాయించు, అ నుంచి ఱ దాకా, రోజుకి మూడుసార్లు. చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది, పిల్లలకి విసుగూ రాదు. నొప్పి పదికి మూడు దాటనంతవరకు నడవనివ్వు. కుంటుతూ నడవడం కంటే కర్రతో సరిగ్గా నడవడం మేలు. వారం తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, పదిహేనేసి మూడు విడతలు. ఆ తర్వాత అందరూ వదిలేసేదీ, నువ్వు వదలకూడనిదీ ఒకటుంది: ఒంటికాలి మీద నిలబడటం. ముందు ముప్ఫై సెకన్లు కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసి, ఆపై మడతపెట్టిన దుప్పటి మీద. లిగమెంట్‌లో కాలు ఏ వంపులో ఉందో మెదడుకి చెప్పే నాడుల కొనలుంటాయి. బెణుకుతో అవీ దెబ్బతింటాయి. వాటికి మళ్లీ నేర్పకపోతే నొప్పి పోయినా కాలు మళ్లీ మళ్లీ అదే చోట మడతపడుతుంది. 'దానికి కాలు బలహీనం' అని జట్టులోంచి తీసేసే పిల్లల్లో ఎక్కువమందికి జరిగింది ఇదే. అది బలహీనత కాదు, సగంలో ఆగిన వైద్యం.

ఆటలోకి ఎప్పుడు దింపాలి? రోజులు లెక్కపెట్టకు, పరీక్ష పెట్టు. దెబ్బ తగిలిన కాలితో ఒంటికాలి మీద పదిసార్లు గెంతాలి, ఎనిమిది అంకెలో పరుగెత్తాలి, రెండో కాలితో సమానంగా చేయాలి. చిన్న బెణుక్కి ఇది ఒకటి రెండు వారాల్లో వస్తుంది, సగం తెగినదానికి నాలుగు నుంచి ఆరు. పూర్తిగా తెగితే డాక్టరు చెప్పినన్ని.

తొడ ముందువైపు మోకాలి దెబ్బ తగిలితే వెంటనే చేయాల్సిన పని చాలామందికి తెలియదు. మోకాలిని నొప్పి ఓర్చుకోగలిగినంత వంచి, మడమ పిరుదు వైపు వచ్చేలా ఉంచి, అలాగే క్రేప్ బ్యాండేజీతో వదులుగా చుట్టి పైన ఐస్ పెట్టు. వంచిన కండలో రక్తం పేరుకోవడానికి చోటు తక్కువ, తర్వాత కండ బిగుసుకోదు. గంటకోసారి విప్పి వేళ్లు చూడు, ఒక రోజు దాటించకు. ఈ దెబ్బని రుద్దడం అన్నిటికంటే చెడ్డది. నలిగిన కండలో ఎముక పెరగడం మొదలవుతుంది. రెండు మూడు వారాల తర్వాత తొడలో గట్టి గడ్డ తగులుతూ, మోకాలు వంగడం రోజురోజుకీ తగ్గుతోందంటే అదే అనుమానించి డాక్టరుకి చూపించు.

ఖోఖోలో పరుగు మధ్యలో తొడ వెనక చెయ్యి పెట్టుకుని ఆగిపోయిన పిల్లకి కండ తెగినట్టే. సాగదీయించకు. చాలామంది అక్కడే కాలు చాపించి ముందుకు వంగమంటారు, తెగిన పోగుల్ని ఇంకాస్త చీలుస్తారు. సాగదీత పిక్క కండ బిగుసుకుని పట్టేసినప్పుడు పనికొస్తుంది. అప్పుడు కాలు చాపి వేళ్లని మోకాలి వైపు లాగి ముప్ఫై సెకన్లు పట్టుకుంటే చాలు. తొడ కండ తెగకుండా ముందే కాపాడటానికి నార్డిక్ వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద నిలబడ్డ పిల్ల మడమల్ని ఇంకో పిల్ల పట్టుకోవాలి, మోకాళ్ల మీదున్న పిల్ల వెన్ను నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. మొదటి వారం ఒక్కరోజు, ఐదేసి రెండు విడతలు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి. మూడో వారం నుంచి మూడు రోజులు, మూడు విడతలు. తొందరపడి మొదటి రోజే ముప్ఫై చేయిస్తే మర్నాడు మెట్లెక్కలేరు.

మోకాలి విషయంలో నీ వైద్యం కట్టు కట్టి పంపడం వరకే. మెలితిరిగినప్పుడు 'టప్'మని వినపడి, రెండు గంటల్లోపే మోకాలు నిండిపోయిందంటే లోపల రక్తం చేరినట్టు, ముఖ్యమైన లిగమెంట్ తెగినట్టు అనుకోవాలి. మర్నాటికి మెల్లగా వచ్చిన వాపు అంత భయపెట్టదు, అయినా చూపించాలి. వాలీబాల్‌లో బంతి కొనకి తగిలిన వేలిని లాగి సరిచేయనివ్వకు. ఆ వేలి కొన తనంతట తాను చాచుకోలేకపోతే టెండన్, అంటే కండని ఎముకకి కలిపే తాడు, తెగింది. బద్ద వేసి ఆరు నుంచి ఎనిమిది వారాలు నిటారుగా ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంచినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మాత్రల సంగతి ఇంట్లోవాళ్లని అడగకుండా చేయకు. ఇవ్వాల్సి వస్తే పారాసిటమాల్, కిలోకి పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు. నలభై కిలోల పిల్లకి ఒక 500 మాత్ర, ఆరేసి గంటల ఎడంతో, రోజుకి నాలుగు దాటకుండా. జ్వరం కూడా ఉందంటే డెంగీ రోజుల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ దగ్గరికే పోకు. ఆస్పిరిన్ పిల్లలకి అసలొద్దు.

నీ సంచిలో పది సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు నాలుగు, పదిహేనువి రెండు, అతుకు టేపు, మొద్దు కొనల కత్తెర, రెండు తువ్వాళ్లు, మందపాటి అట్టముక్కలు ఉంచుకో. ఎక్స్‌రేకి పంపే కాలికి ఆ అట్టలే దారిలో ఆధారం. గ్రౌండ్‌కి దగ్గర్లో ఐస్ ఎక్కడ దొరుకుతుందో ఈ వారమే కనుక్కో. ఆదివారం ఇంటికొస్తే కట్టు కట్టడం చేతిలో పెట్టి నేర్పిస్తాను, బ్యాండేజీ తెచ్చుకో.

ఇట్లు,
మావయ్య