మేజర్ దగ్గర ‘అన్‌డిసైడెడ్’ అని పెడితే సీటు రాదా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేస్తోంది. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) అడిగిన చోట ‘అన్‌డిసైడెడ్’ ఎంచుకుంది. ఎస్సేలో ‘ఐ యామ్ ఇన్‌డిసైసివ్ అబౌట్ మై మేజర్’ అని కూడా రాసింది. ఇలా రాస్తే సీటు ఇవ్వరేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. మార్పించమంటారా?

జవాబు: అమ్మా, ఫారంలో ఉన్నది ఉండనివ్వండి. ఎస్సేలో ఉన్న మాటను మాత్రం ఇవాళే మార్పించండి.

అన్‌డిసైడెడ్ అంటే ఈ ఒక్క విషయం ఇంకా తేలలేదని. ఇన్‌డిసైసివ్ అంటే ఏదీ ఒక పట్టాన తేల్చుకోలేని స్వభావమని. మీ అమ్మాయి చెప్పాలనుకున్నది మొదటిది, కాగితం మీద పడింది రెండోది. మన పిల్లలు తరచూ రాసే ‘ఐ యామ్ కన్‌ఫ్యూజ్డ్’ కూడా ఇక్కడ పనికిరాదు. ఇంట్లో ‘కన్‌ఫ్యూజన్‌లో ఉన్నా’ అంటే మనకు అర్థమవుతుంది. ఎస్సేలో అదే మాట రాస్తే విషయమే బోధపడలేదన్నట్టు ఉంటుంది.

సరైన మాట దొరికాక దాన్ని ఒంటరిగా వదిలేయకూడదు. ‘ఐ యామ్ అన్‌డిసైడెడ్’ అని ఫుల్‌స్టాప్ పెట్టేస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. దేని గురించో చెప్పాలంటే పక్కన ‘అబౌట్’, రెండింటి మధ్య ఊగుతుంటే ‘బిట్వీన్’, చేయాలా వద్దా అన్న సందేహమైతే ‘వెదర్’ వస్తాయి. ఉదాహరణకు ‘ఐ యామ్ అన్‌డిసైడెడ్ బిట్వీన్ ఎకనామిక్స్ అండ్ స్టాటిస్టిక్స్’ అని రాసి, ఆ రెండూ ఎందుకు నచ్చాయో, మొదటి ఏడాది ఏ కోర్సులు చదివి తేల్చుకోవాలనుకుంటోందో మరో రెండు వాక్యాల్లో చెబితే అది ఆలోచించే పిల్ల రాసిన ఎస్సే అవుతుంది. అడ్మిషన్ వాళ్లు చూసేది ఆ ఆలోచననే. వీసా ఇంటర్వ్యూలో అడిగినా ఇదే జవాబు చెప్పమనండి, ఒక్క మాటతో ఆపేయవద్దని చెప్పండి.

అక్కడి పద్ధతి తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. నాలుగేళ్ల డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు ఇచ్చే పాయింట్ల) దాకా ఉంటాయి. మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులు ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తాయి. చాలా కాలేజీలు రెండో ఏడాది చివరికి మేజర్ ప్రకటిస్తే చాలంటాయి. అందుకే ఫారంలోనే ఆ ఆప్షన్ పెట్టారు. కొన్ని చోట్ల ‘అన్‌డిక్లేర్డ్’ అని కనిపిస్తుంది. దానికి అర్థం మేజర్ ఇంకా అధికారికంగా నమోదు కాలేదని మాత్రమే. మనసులో ఎప్పుడో తేల్చుకున్నవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. బ్రిటన్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ యూకాస్ (డిగ్రీ అడ్మిషన్ల ఉమ్మడి దరఖాస్తు సంస్థ) ద్వారా అప్లై చేసేటప్పుడే కోర్సు పేరు చెప్పాలి. అమెరికాలోనైనా ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు నేరుగా డిపార్ట్‌మెంట్‌కే అప్లై చేస్తారు కాబట్టి వాళ్లకు ఈ మాటతో పని లేదు.

ఒక్క చోట మాత్రం నేను ఒప్పుకోను. మీ అమ్మాయి మనసులో ఇంజనీరింగ్, నర్సింగ్, కంప్యూటర్ సైన్స్‌లలో ఏదైనా ఉంటే అన్‌డిసైడెడ్ వద్దు. చాలా యూనివర్సిటీలు వీటికి మొదట్లోనే వేరుగా సీట్లిస్తాయి. తర్వాత మారదామంటే సీట్లు తక్కువ, మార్కుల పోటీ ఎక్కువ. అలాంటి కోరిక ఉందో లేదో తనను నెమ్మదిగా అడగండి. ‘నీకు ఏదీ తేలదు’ అని మాత్రం అనకండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఆ మాట పిల్లల మనసులో గట్టిగా నాటుకుపోతుంది.

సబ్మిట్ చేసేముందు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో తనకు నచ్చిన డిపార్ట్‌మెంట్ల పేజీలు తెరిచి రెండు సంగతులు చూడమనండి: తర్వాత ఆ మేజర్‌లోకి మారనిస్తారా, దానికి మొదటి సెమిస్టర్‌లోనే ఏ కోర్సు తీసుకోవాలి? ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ అయితే చాలాచోట్ల కాల్‌క్యులస్ అడుగుతారు. మేజర్ తేలకపోయినా ఆ కోర్సు ముందే మొదలుపెట్టేయవచ్చు.